రోడ్ బైక్ టైర్లు: కొత్తగా వచ్చి రైడింగ్, రేసింగ్ మొదలుపెట్టినవాళ్ళకి

ఇక్కడికొచ్చి ఉద్యోగంలో కాస్త కుదురుకున్నాక మనవాళ్ళు చాలామంది రోడ్ బైక్ కొంటున్నారు, చూస్తే నాకు భలే సంతోషంగా ఉంటుంది. కొన్న రెండు మూడు నెలలకి అందరి దగ్గర్నుంచీ వచ్చే ప్రశ్న మాత్రం ఒకటే. అన్నా, ఊరికే పంచర్లు పడుతున్నాయి, ఎన్నాళ్ళైనా అరగని గట్టి టైరు ఏదన్నా ఉంటే చెప్పు, దాంతోనే ట్రైనింగ్ చేసుకుంటా, దాంతోనే రేసులకీ వెళ్తా అని. నేనుండేది కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ వైపు, కాబట్టి ఇక్కడి రోడ్లని బట్టే చెప్తాను, టెక్సాస్‌లోనో మిచిగన్‌లోనో ఉన్నవాళ్ళు కొంచెం అటూ ఇటూ మార్చుకోండి.

ముందు అసలు మాట చెప్పేస్తా. గట్టిదనం ఒక్కటే చూసి టైరు కొనకండి. మొదట గ్రిప్ చూడండి, తర్వాత పంచర్ ఎంత ఆపుతుందో చూడండి, ఎన్ని మైళ్ళు వస్తుందనేది ఆ తర్వాతే. ఎందుకంటే పంచర్ పడితే పోయేది పావుగంట, మహా అయితే రోడ్డు పక్కన నిలబడి ట్యూబ్ మార్చుకుంటారు. అదే మౌంట్ హామిల్టన్ నుంచి దిగేటప్పుడో కలవెరాస్ రోడ్డు మలుపుల్లోనో తడి మీద టైరు జారిందనుకోండి, కాలర్ బోన్ విరుగుతుంది, అంబులెన్సు, ఎమర్జెన్సీ రూమ్, సర్జరీ, ఇన్సూరెన్స్ ఉన్నా డిడక్టిబుల్ మొత్తం మన జేబులోంచే. కొత్తగా వచ్చి ఇంకా సేవింగ్స్ కూడా లేని వాళ్ళకి ఆ బిల్లు ముందు ఏ టైరు ఖరీదూ లెక్కలోకి రాదు.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే పంచర్లు పడని టైరు ఏదని ఎవర్ని అడిగినా మొదట వినపడే పేరు కాంటినెంటల్ గేటర్‌స్కిన్. పొడి రోడ్డు మీద ఆఫీసుకి వెళ్ళి రావడానికి అది మంచిదే, పక్క గోడలు కూడా గట్టిగా ఉంటాయి, అరగడానికి చాలా కాలం పడుతుంది. కానీ రబ్బరు గట్టిగా ఉండబట్టే అరగదు, అలా గట్టిగా ఉండబట్టే తడిలో సరిగ్గా పట్టదు, రెండూ ఒకే కారణం. అదీగాక బరువుగా, బిర్రుగా దొర్లుతుంది. అదే కంపెనీ గ్రాండ్ ప్రీ 5000తో పోలిస్తే, తిరిగే డ్రమ్ము మీద పెట్టి కొలిచిన లెక్కల్లో ముందూ వెనకా రెండు టైర్లకీ కలిపి మనం తొక్కాల్సిన బలంలో తేడా సుమారు 15 నుంచి 20 వాట్ల దాకా వస్తుంది. గ్రూపు రైడ్‌లో వెనకపడిపోతూ నాకు ఫిట్‌నెస్ లేదేమో అని బాధపడే కొత్తవాళ్ళు కొంతమందికి అసలు కారణం టైరే అయ్యుంటుంది. కొత్తగా మొదలెట్టినవాడికి 15 వాట్లు పెరగాలంటే వారాల తరబడి ట్రైనింగ్ చెయ్యాలి.

మరి ఏది కొనాలి అంటే, ట్రైనింగ్‌కీ అప్పుడప్పుడు రేసుకీ ఒకే టైరు కావాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది గ్రాండ్ ప్రీ 5000, అది కూడా 28 ఎంఎం. 2018 చివర్లో వచ్చింది, దాని ముందు 4000 ఉండేది, అదీ చాలా పేరున్న టైరే. ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే రబ్బరు, దాని కింద వెక్ట్రాన్ అనే దారంతో నేసిన పొర ఒకటి ఉంటుంది, చిన్న చిన్న గాజు పెంకుల్ని అది బాగానే ఆపుతుంది. వెనక టైరు నాలుగైదు వేల కిలోమీటర్లు వస్తే మంచిగా వచ్చినట్టే, మనిషి బరువుని బట్టీ రోడ్డుని బట్టీ మారుతుంది. పక్క గోడలు మాత్రం పలచన, రాళ్ళ రోడ్లమీద జాగ్రత్త. సియాటిల్, పోర్ట్‌లాండ్ లాంటి వానలు పడే ఊళ్ళలో చలికాలం మొత్తం బయటే తొక్కేవాళ్ళైతే గ్రాండ్ ప్రీ ఫోర్ సీజన్ చూడండి, అందులో వెక్ట్రాన్ రెండు పొరలు, పక్క గోడలకి కూడా రక్షణ ఉంటుంది, కాస్త నెమ్మది అంతే. విట్టోరియా రూబినో ప్రో కొంచెం చవక, ఉత్త ట్రైనింగ్‌కి అదీ మంచిదే. విట్టోరియా కోర్సా కాటన్ అల్లికతో చేసేది, రోడ్డు మీద దాని హాయి వేరు, తొక్కితే వదలబుద్ధి కాదు, కానీ త్వరగా అరుగుతుంది, కోతలు పడతాయి, దాన్ని రేసు రోజుకి అట్టిపెట్టుకోండి. ష్వాల్బే మారథాన్ ప్లస్ అని ఇంకోటి ఉంది, పంచర్ దాదాపు పడదు, ఒక్కో టైరు అర కిలో పైనే, సామాన్లు కట్టుకుని ఆఫీసుకి వెళ్ళే బండికైతే వెయ్యండి, రోడ్ బైక్‌కి వద్దు.

రేసు సంగతికొస్తే, కొత్తవాళ్ళు ఎక్కువగా మొదలెట్టేది క్రిటీరియంతో, అంటే చిన్న సర్క్యూట్‌లో అరగంటో నలభై నిమిషాలో గిరగిరా తిరగడం. పంచర్ పడితే రేసు పోతుందన్న భయంతో మందపాటి టైర్లు వేసుకొస్తారు చాలామంది. నిజానికి క్రిటీరియంలో ఫ్రీ ల్యాప్ అని ఒక రూలు ఉంటుంది, పంచర్ పడితే పిట్ దగ్గరికి వెళ్ళి చక్రం మార్చుకుని తర్వాతి ల్యాప్‌లో మళ్ళీ గ్రూపులో కలవొచ్చు, చివరి కొన్ని ల్యాపుల్లో మాత్రం కుదరదు. కాబట్టి పిట్‌లో స్పేర్ చక్రం పెట్టుకోండి, రేసు టైరు మెత్తగా, పట్టు బాగా ఉండేదే వేసుకోండి, క్రిటీరియం అంటేనే మలుపులు కదా. కొత్త టైరుని రేసు రోజు పొద్దున వెయ్యకండి. కొత్త రబ్బరు మీద కొంచెం నున్నదనం ఉంటుంది, ఒకట్రెండు రైడ్లు తొక్కితే అది పోతుంది, బీడ్, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచు, సరిగ్గా కూర్చుందో లేదో కూడా తెలుస్తుంది.

ఇక సైజు. మన ఊళ్ళలో హీరో, అట్లాస్ సైకిళ్ళకి 28 ఇంటు ఒకటిన్నర అని రాసుండేది, దాని రిమ్ము కొలత 635 ఎంఎం. ఇక్కడి రోడ్ బైక్ 700సీ, అది 622 ఎంఎం, రెండూ దగ్గరగా కనపడినా ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 28-622 అని ఉంటుంది చూడండి, మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము కొలత, కొనేటప్పుడు ఆ అంకెలే నమ్మండి. సెకండ్ హ్యాండ్‌లో, బ్రేకు రిమ్మునే పట్టి ఆపే పాత రిమ్ బ్రేక్ బైక్ కొన్నవాళ్ళు టైరుకీ, ఫ్రేము బ్రేకులకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూసుకోండి, కొన్నిట్లో 25 దాటితే రాసుకుంటుంది. వీలైతే 28 వెయ్యండి. ఒకప్పుడు ప్రొఫెషనల్స్ కూడా 23 ఎంఎం వేసేవాళ్ళు, సన్నగా గట్టిగా ఉంటేనే స్పీడు అనుకునేవాళ్ళు, ఇప్పుడు వాళ్ళే 28 వేస్తున్నారు, పారిస్ రూబే లాంటి రాళ్ళ రేసుకైతే 30 పైన కూడా.

గాలి విషయంలో చాలామంది చేసే తప్పు, టైరు మీద మ్యాక్సిమమ్ అని ఎంత రాసుంటే అంతా కొట్టెయ్యడం. అది అంతకు మించొద్దని చెప్పే హద్దు, అంత కొట్టమని కాదు. 70 కిలోల మనిషికి 28 ఎంఎం టైర్లో ట్యూబుతో ముందు 65, వెనక 70 పీఎస్ఐ దగ్గర మొదలెట్టి చూసుకోండి, బరువు ఎక్కువైతే కొంచెం పెంచండి. మరీ ఎక్కువ కొడితే బండి ఎగిరెగిరి పడుతుంది, పట్టు తగ్గుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి, గాజు పెంకు కూడా తేలిగ్గా దిగుతుంది. మరీ తక్కువైతే గుంటలో పడ్డప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబ్ నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కాటులాగా, అలా జంటగా కనపడితే మేకు కోసం వెతకొద్దు, గాలి తక్కువైందని అర్థం. గేజ్ ఉన్న ఫ్లోర్ పంపు ఇంట్లో తప్పకుండా ఉండాలి, వేలితో నొక్కి చూసి సరే అనుకుంటే కుదరదు. వాల్వ్ కూడా వేరు, మన సైకిలుకి ఉండే వాల్వ్ కాదు, ప్రెస్టా అంటారు, సన్నగా ఉండి కొసన చిన్న నట్టు ఉంటుంది, అది విప్పి ఒకసారి నొక్కి అప్పుడు పంపు పెట్టాలి.

పంచర్ ఎందుకు పడుతుందో తెలుసుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. ఇక్కడ ముఖ్యంగా మూడు. గాజు పెంకులు ఒకటి, వాన పడ్డాక ఇవి ఎక్కువ, నీళ్ళతో పక్కకి కొట్టుకొస్తాయి, పైగా తడి రబ్బరుని గాజు తేలిగ్గా కోస్తుంది. రెండోది ట్రక్కుల టైర్లు పేలినప్పుడు ఊడొచ్చే సన్నటి ఉక్కు తీగ, వెంట్రుకలాగా ఉంటుంది, షోల్డర్ మీదే పడి ఉంటుంది, మనం తొక్కేది అక్కడే. మూడోది వింటే మీరు ఆశ్చర్యపోతారు, వీళ్ళు గోట్‌హెడ్ అంటారే ఆ ముల్లు, అది మన పల్లేరు కాయ. చిన్నప్పుడు పొలం గట్లమీద చెప్పుల్లేకుండా నడిస్తే గుచ్చుకునేది అదే, అదే మొక్క. సెంట్రల్ వ్యాలీలో, అరిజోనాలో, ఐడహోలో, టెక్సాస్‌లో కూడా ఉంది, వేసవి చివర్లో కాయలు ఎండి దారి పక్కన పరుచుకుంటాయి, ఏ పక్క పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. పల్లేరు ఉన్న దారిలో తొక్కేవాళ్ళకి ఎంత మందపాటి టైరైనా చాలదు, వాళ్ళకి మాత్రం నేను ట్యూబ్‌లెస్సే చెప్తాను, లోపల సీలెంట్ ద్రవం ఉంటుంది, ముల్లు దిగిన చోట అదే గడ్డకట్టి మూసేస్తుంది.

మిగతావాళ్ళకి మొదటి ఏడాది ట్యూబులే మంచివని నా అభిప్రాయం. ట్యూబ్‌లెస్‌లో సీలెంట్ కొన్ని నెలలకే ఎండిపోతుంది, మళ్ళీ పోస్తూ ఉండాలి, పెద్ద కోత పడితే రోడ్డు మీద ఆ జిగురంతా చేతులకి పూసుకుని ఎలాగూ ట్యూబే వెయ్యాలి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈమధ్య వచ్చే కొన్ని కార్బన్ చక్రాలు హుక్‌లెస్ రకం, అంటే రిమ్ము అంచుకి లోపల కొక్కెంలాంటి వంపు ఉండదు. వాటికి ట్యూబ్‌లెస్ టైరు, అది కూడా హుక్‌లెస్‌కి పనికొస్తుందని రాసున్నదే వెయ్యాలి, గాలి 72.5 పీఎస్ఐ, అంటే 5 బార్ దాటకూడదు. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ అనే రేసులో థామస్ డి గెంట్ అనే బెల్జియం ప్రొఫెషనల్ పడినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడొచ్చేసింది, ఆ తర్వాత ఈ చక్రాల మీద పెద్ద చర్చే నడిచింది. బాగా బరువున్నవాళ్ళు, గాలి ఎక్కువ అవసరమయ్యేవాళ్ళు మామూలు హుక్ ఉన్న రిమ్ములే తీసుకోండి. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ చక్రాలు కొనేటప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

టైరు ఎక్కువకాలం రావాలంటే కొనడం కంటే చూసుకోవడం ముఖ్యం. రైడ్ నుంచి రాగానే చక్రం మెల్లగా తిప్పుతూ ఒక చూపు చూడండి, ఇరుక్కున్న గాజు పలుకులు పిన్నీసుతో పీకెయ్యండి. చాలా పంచర్లు గాజు తగిలిన రోజే పడవు, ఆ పలుకు ప్రతి రైడ్‌కీ కొంచెం కొంచెం లోపలికి దిగి వారం తర్వాత పడతాయి. వెనక టైరు ముందుదానికంటే చాలా త్వరగా అరుగుతుంది, బరువు ఎక్కువ అక్కడే, తొక్కే బలమంతా అక్కడే. అది అరిగిపోయాక దాన్ని ముందుకి మార్చకండి ఎప్పుడూ. ముందుది తీసి వెనక్కి వెయ్యండి, కొత్తది ముందు వెయ్యండి. వెనక చక్రం జారితే ఏదోలా నిలదొక్కుకోవచ్చు, ముందు చక్రం జారితే కింద పడటమే, అందుకే ఉన్నవాటిలో మంచి టైరు ఎప్పుడూ ముందే ఉండాలి. కాంటినెంటల్ టైర్లలో ట్రెడ్ మీద రెండు చిన్న గుంటలు ఉంటాయి, అవి కనపడకుండా పోతే టైరు అయిపోయినట్టు. నడిమధ్య చదునుగా అయిపోయినా, లోపలి దారాలు బయటికి కనపడినా ఇక ఆలోచించొద్దు, మార్చెయ్యండి. చలికాలంలో ఇంట్లో ట్రైనర్ మీద, అంటే బైకు బిగించి ఉన్నచోటే తొక్కే స్టాండు మీద తొక్కేవాళ్ళు, టైరు రోలర్‌కి ఆనే రకమైతే మంచి టైరు దానికి వాడొద్దు, వేడికి పాడవుతుంది, ట్రైనర్ టైరని వేరే దొరుకుతుంది.

రోడ్డు మీద పంచర్ వెయ్యడం ఇంట్లోనే ఒకట్రెండు సార్లు ప్రాక్టీస్ చెయ్యండి, ఇక్కడ సందు చివర పంచర్ షాపు ఉండదు, సైకిల్ షాపు ఊళ్ళో ఏ మూలో ఉంటుంది, అదీ సాయంత్రం మూసేస్తారు. జేబులో రెండు ట్యూబులు, టైరు ఊడదీసే లివర్లు రెండు, చిన్న పంపు ఉండాలి. టైరు వేసేటప్పుడు దాని మీద పేరుండే చోటు సరిగ్గా వాల్వ్ దగ్గరికి వచ్చేలా వెయ్యండి, ట్యూబ్‌లో చిల్లు ఎక్కడుందో దొరికితే టైర్లో ముల్లు ఎక్కడుందో దాన్ని బట్టి వెంటనే తెలిసిపోతుంది. కొత్త ట్యూబ్ వేసేముందు టైరు లోపల తడిమి చూడటం మర్చిపోవద్దు, ఉక్కు తీగ వేలికి దొరక్కపోతే కొంచెం దూది తీసుకుని లోపల రాయండి, తీగకి దూది పట్టుకుంటుంది. టైరే కోసుకుపోయి ట్యూబ్ బయటికి ఉబ్బుతుంటే డాలర్ నోటు మడిచి లోపల పెట్టి గాలి కొట్టండి, ఆ నోటు మామూలు కాగితం కాదు, పత్తీ అవిసె నారా కలిపి చేసింది, ఇంటికి చేరేదాకా ఆగుతుంది. పాత ట్యూబ్ పారెయ్యకండి, ఇంటికొచ్చాక బకెట్ నీళ్ళలో ముంచి బుడగలు చూసి, రుద్ది సొల్యూషన్ రాసి అది ఆరాక ప్యాచ్ వెయ్యండి, మన పంచర్ షాపులో చూసిన పద్ధతే, బాగా వేసిన ప్యాచ్ ట్యూబ్ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. టీపీయూ ట్యూబులని ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన తేలికవి వస్తున్నాయి, స్పేరుగా జేబులో పెట్టుకోడానికి బాగుంటాయి, రిమ్ బ్రేక్ ఉన్నవాళ్ళు మాత్రం కొనేముందు చూసుకోండి, బ్రేకు వేడికి కొన్నిటిని కంపెనీవాళ్ళే వద్దంటారు.

చివరగా ఇండియా వెళ్ళేవాళ్ళకి ఒక మాట. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్‌లో మొదలైంది కదా, అప్పట్నుంచి అక్కడి తమ్ముళ్ళూ ఫ్రెండ్సూ వచ్చేటప్పుడు టైర్లు తీసుకురా అని అడగడం మరీ ఎక్కువైంది. తీసుకెళ్ళండి, కానీ ఫోల్డింగ్ అని రాసున్నవే కొనండి, మడిచి సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టేయొచ్చు, వైర్ బీడ్, అంటే అంచులో ఉక్కు తీగ ఉన్నవి మడవడానికి రావు. వాళ్ళ రిమ్ము కొలత ముందే ఫోటో తీసి పంపమనండి. మరీ సగం ధరకి దొరికే గ్రాండ్ ప్రీ టైర్లు నమ్మొద్దు, నకిలీలు తిరుగుతున్నాయి, పేరున్న సైకిల్ షాపులోనే కొనండి. గాలి నింపే సీఓటూ కాట్రిడ్జ్‌లు, సొల్యూషన్ ట్యూబులు మాత్రం బ్యాగులో పెట్టొద్దు, ఎయిర్‌పోర్టులో తీసేస్తారు. వాటి బదులు సొల్యూషన్ అక్కర్లేని స్టిక్కర్ ప్యాచ్‌లు ఓ రెండు డబ్బాలు పెట్టండి, అవి వెళ్తాయి.