మీ ప్రశ్నలు - మా జవాబులు: ఒక్కతే అమ్మ, దత్తబిడ్డ, ఆటిజం

పెళ్లి చేసుకోకుండా, లేదా భర్త లేకుండా ఒంటరిగా దత్తత తీసుకున్న తల్లులు సీమ జిల్లాల నుంచి రాసిన ప్రశ్నలివి. పిల్లల ఎదుగుదల, దత్తత వ్యవహారాలు చూసే మా బృందం జవాబులిస్తోంది.

మూడేళ్ల బాబును కారా (దత్తతలు చూసే కేంద్ర సంస్థ) ద్వారా దత్తత తీసుకున్నాను. ఇప్పుడు నాలుగున్నర. మాటలు రాలేదు, పిలిస్తే పలకడు, బొమ్మకారు చక్రం తిప్పుతూ గంటసేపు కూర్చుంటాడు. డాక్టరు ఆటిజం అన్నారు. "శిశుగృహలో పెరిగినాడు కదా, నువ్వు ప్రేమగా చూసుకుంటే అదే పోతుంది" అంటారు మావాళ్లు. ఎవరి మాట వినాలి? - ఒక తల్లి, కర్నూలు

మీవాళ్ల మాటలో కొంత నిజముంది. అందుకే అది మిమ్మల్ని ఆపేసే ప్రమాదమూ ఉంది. పసితనంలో ఒకే మనిషి చేతుల్లో పెరగని పిల్లల్లో కొందరు ఊగుతారు, కళ్లలోకి చూడరు, మాట ఆలస్యమవుతుంది. రుమేనియా అనాథాశ్రమాల నుంచి బ్రిటన్ కుటుంబాలకు దత్తత వెళ్లిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు ఆటిజాన్ని పోలిన ఈ స్థితిని గుర్తించారు. కుదురైన ఇల్లు దొరికాక కొందరిలో ఆ లక్షణాలు తగ్గుతూ వచ్చాయి. అయితే మీ బాబు మీ ఇంటికొచ్చి ఏడాదిన్నరైంది. కావలసిన వస్తువును వేలితో చూపడం, చూపి మీ ముఖం వంక తిరగడం ఈపాటికి మొదలై ఉండాలి. అవి లేకపోతే కారణం ఏదైనా సరే, చికిత్స ఇప్పుడే మొదలుపెట్టాలి. ఏడాది తర్వాత మళ్లీ అంచనా వేయించండి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాం: ప్రేమ తక్కువై ఆటిజం రాదు.

ముందు వినికిడి పరీక్ష, అంటే బెరా చేయించండి. అది నిద్రలో చేసే పరీక్ష. ఆ రోజు తెల్లవారుజామునే లేపి, దారిలో కునుకు తీయనివ్వకుండా తీసుకెళ్లండి. దారిలో నిద్రపోయిన పిల్లలు తీరా అక్కడ మేలుకుని కూర్చుంటారు, పరీక్ష వాయిదా పడుతుంది. మట్టి, సున్నం తింటుంటే రక్తంలో ఇనుము కూడా చూడమనండి. దత్తత సమయంలో మీకిచ్చిన రెండు కాగితాలు, పిల్లవాడి అధ్యయన నివేదిక, వైద్య పరీక్ష నివేదిక, జిరాక్స్ తీసి డాక్టరుకివ్వండి. పుట్టినప్పటి బరువు, ఫిట్స్ వచ్చాయా అన్నది అందులో ఉండొచ్చు. కన్నవారి ఆరోగ్యం గురించి అడిగితే "తెలియదు" అనే చెప్పండి. ఊహించి చెప్పింది ఫైలులో నిజమై కూర్చుంటుంది.

ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు పనిచేసే ప్రభుత్వ ముందస్తు చికిత్స కేంద్రంలో స్పీచ్ (మాట నేర్పే), ఆక్యుపేషనల్ (రోజువారీ పనులు నేర్పే) థెరపీ గురించి అడగండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోనూ పేరు రాయించండి. వారానికి రెండు గంటల థెరపీతో సరిపోదు. మిగతా వేళల్లో ఇంట్లో జరిగేదే అసలు పని, కాబట్టి థెరపిస్టు చేసేది పక్కన కూర్చుని నేర్చుకోండి. తలుపు బయట కూర్చోబెడితే ఒప్పుకోకండి.

పాపకు ఆరేళ్లు, ఆటిజం. నేను బడిలో పనిచేస్తాను, మా అమ్మ చూసుకుంటుంది. సాయంత్రం నేను రాగానే అరుపులు, తల గోడకేసి కొట్టుకోవడం. తలుపు తెరిచి ఉంటే పరుగే. అవ్వకు చేతకావడం లేదు. - అనంతపురం

రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో నాలుగు గళ్లు గీసి రాయండి: ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం జరిగింది, పాప ఏం చేసింది, మీరేం చేశారు. పది పన్నెండుసార్లు రాసేసరికి జాడ తెలుస్తుంది. ఆకలా, కరెంటు పోయి ఫ్యాను ఆగడమా, కుక్కర్ విజిలా, లేక మీరు లోపలికొస్తూనే ఫోనులో మాట్లాడటమా? చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అరుపు మొదలవగానే సెల్లు చేతికిస్తారు. అరిస్తే సెల్లు వస్తుందని బిడ్డ నేర్చుకుంటుంది. ఇవ్వదలిస్తే అరుపుకు ముందే, గడియారం చూపి, ఇంతసేపని ఇవ్వండి.

సాయంత్రానికి బొమ్మల పట్టీ తయారు చేయండి. నెట్‌లో దొరికే బొమ్మలు వద్దు. మీ ఇంటి గ్లాసు, మీ బాత్రూము, పాప తినే ఉగ్గాని గిన్నె, పడుకునే చాప ఫొటోలు తీసి ప్రింటు వేయించి, అట్టకు అంటించి, వెనక వెల్క్రో ముక్క పెట్టండి. నాలుగైదు చాలు. పది పెడితే పాప చూడదు, అవ్వా చూపించదు. ఒక పని కాగానే పాప చేతనే ఆ బొమ్మ తీయించి డబ్బాలో వేయించండి. మాట నాలుగు పదాలు దాటకూడదు: "ముందు స్నానం, తర్వాత ఉగ్గాని." చెప్పాక మనసులో పది లెక్కపెట్టండి, వినడానికీ అర్థం చేసుకోవడానికీ ఆ సమయం కావాలి. మళ్లీ మళ్లీ చెబితే ప్రతిసారీ మొదటికొస్తుంది. మీరు "నీళ్లు పోసుకుందాం" అని, అవ్వ "తానం" అని అంటుంటే పాపకు అవి రెండు వేర్వేరు పనులు. ఒకే మాట ఖాయం చేసుకోండి. అవ్వ మాటే తీసుకోవడం మేలు, ఆమె మార్చుకోవడం కష్టం.

తల కొట్టుకునేటప్పుడు మందలించొద్దు, వివరించొద్దు. గోడకూ తలకూ మధ్య దిండు పెట్టండి, లైటు తగ్గించండి, మాట ఆపండి. పెళ్లి ఊరేగింపు డప్పులకు చెవులు మూసుకుంటుంటే, మిషన్ల దగ్గర పనివాళ్లు పెట్టుకునే చెవి కప్పులు కొనండి.

పరుగు విషయం వేరు. ఇక్కడ ఆలస్యం చేయకండి. తలుపు పైభాగాన, పాప చేయి అందని ఎత్తులో గడియ బిగించండి. తలుపుకు గజ్జెలు కట్టండి. లోపలి నుంచి పెద్దలు వెంటనే తీయగలిగేలా ఉండాలి, తాళం వేసి పోవద్దు. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది నీళ్లవైపు వెళతారు. నీళ్ల తొట్టి, సంపు మూత, దగ్గర్లోని బావి ముందుగా చూసుకోండి. తప్పిపోతే మొదట వెతకాల్సింది అక్కడే. పాప ఫొటో, మీ నంబరు చుట్టుపక్కల నాలుగిళ్లలో, మూలన ఉన్న అంగట్లో ఇచ్చిపెట్టండి. సిగ్గుపడే విషయం కాదు.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కు వెళితే తండ్రి పేరు అడుగుతున్నారు. బడిలోనూ అంతే. ఏం చూపించాలి? సర్టిఫికెట్ వల్ల ఏమొస్తుంది? - కడప

దత్తత ఉత్తర్వు, దాని ఆధారంగా వచ్చిన జనన ధ్రువపత్రం. ఈ రెండూ చాలు. 2022 సెప్టెంబరు నుంచి ఈ ఉత్తర్వు కలెక్టరు ఇస్తున్నారు. అంతకుముందైతే కోర్టు ఉత్తర్వు ఉంటుంది. పాస్‌పోర్టుకు కూడా 2016 డిసెంబరు నుంచి తల్లి లేదా తండ్రి, ఒక్కరి పేరు సరిపోతుంది. గడి ఖాళీగా ఉండకూడదని మీ తండ్రి పేరో, తమ్ముడి పేరో రాయించకండి. ఒకచోట రాస్తే రేపు ఆధార్‌కూ మార్కుల పత్రానికీ పొంతన కుదరదు.

ఆటిజానికి 'ఇసా' అనే 40 అంశాల కొలమానం వాడతారు. 70 మార్కుల నుంచి ఆటిజంగా లెక్క, అక్కడే 40 శాతం వైకల్యం. పైన అనంతపురం తల్లికి చెప్పినట్టు నోటుపుస్తకం రాసి, వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి. అక్కడ పది నిమిషాలు బిడ్డ బుద్ధిగా కూర్చుంటే సమస్యే కనిపించదు. 40 శాతం, ఆపైన ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. అర్హత ఉంటే 2024లో పెరిగిన 6,000 రూపాయల పింఛను. ప్రభుత్వ ఉద్యోగం ఉన్న ఇంటికి రాదు. ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్టు వారి 'నిరామయ' ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, ముందస్తు వైద్య పరీక్ష అడగరు.

మూలకణ (స్టెమ్ సెల్) చికిత్సతో నయమవుతుందని లక్షలు అడుగుతున్నారు. చేయించమంటారా? - ఆదోని

వద్దు. ఆటిజానికి దాన్ని సిఫారసు చేయబోమని జాతీయ వైద్య కమిషన్ నైతిక విలువల బోర్డు 2022లోనే చెప్పింది. ఆ డబ్బు థెరపీకి ఉంచండి.

నాకు 51. బాబుకు 14. నా తర్వాత వాడెట్లా? - ప్రొద్దుటూరు

కాగితాలు రెండు దశలు. బాబు మైనరుగా ఉన్నంతకాలం సంరక్షకుడెవరో వీలునామాలో రాయండి. ఆ మనిషిని అడిగి, ఒప్పుకున్నాకే. 18 నిండాక తల్లిగా మీ సంరక్షకత్వం ముగుస్తుంది. అప్పుడు 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద, కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి మీరే దరఖాస్తు పెట్టాలి. ఆస్తి నేరుగా బాబు పేర రాయడం కంటే వాడి కోసం విడిగా ఒక ట్రస్టు పత్రం రాయడం మేలు, లాయరును కలవండి.

కాగితం ఒక్కటే సరిపోదు. బాబు ఏం తింటాడు, సంగటి ఏ కూరతో ముట్టడు, పంటి నొప్పి వస్తే ఏం చేస్తాడు, ఏ మాటకు శాంతిస్తాడు, మందు మోతాదు ఎంత, ఇవన్నీ మీ తలలోనే ఉన్నాయి. ఒక పుస్తకంలో రాయండి. తర్వాత సంరక్షకుడిగా ఒప్పుకున్న ఆ మనిషి దగ్గర బాబును వారానికొక గంట వదలండి, మీరు పక్కగదిలో ఉండి. నెల తర్వాత ఒక పూట భోజనం, మీరు ఇంట్లో లేకుండా. ఆరు నెలలకు ఒక రాత్రి. ఎక్కడ చెడిందో ఆ మనిషినే పుస్తకంలో చేర్చమనండి.