పురుగుల చదువుకు ఉద్యోగాలు ఉంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. చేలోకి వెళ్తే చాలు, సాలీళ్లకీ మిడతలకీ ఫోన్లో ఫొటోలు తీస్తూ అన్నం సంగతే మర్చిపోతుంది. మేము డాక్టర్ చదవమంటే, తను పురుగుల సైన్సే చదువుతానంటోంది. మాకు మూడెకరాల వరి, కొంచెం కొబ్బరి ఉన్నాయి. ఆ చదువుతో బతుకుతుందా? - ఒక తల్లి, అమలాపురం దగ్గర పల్లె

జవాబు: బతుకుతుందమ్మా. కాకపోతే కనీసం ఆరేళ్లు చదవాలి. దానికి మీరు ముందే సిద్ధపడండి.

మీ చేలోనే చూడండి. దోమపోటు, అంటే వరి దుబ్బుల రసం పీల్చే చిన్న పురుగు, తగిలితే వరి సుడులు సుడులుగా ఎండిపోతుంది. కంగారులో ఏదో ఒక మందు, ముఖ్యంగా సింథటిక్ పైరిత్రాయిడ్ రకం కొడితే, దోమను తినే సాలీళ్లు, దాని గుడ్లు పీల్చే మిరిడ్ నల్లులు ముందు చచ్చిపోతాయి. అడ్డు తొలగాక దోమ ఇంకా ఎక్కువగా లేస్తుంది. మీ అమ్మాయి ఫొటోలు తీస్తున్న ఆ సాలీళ్లు మీ చేనుకు కాపలా. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన 1001, 1010 లాంటి రకాలు దోమను కొంత తట్టుకుంటాయి. అలాంటి రకాన్ని ఎంచాలంటే దోమల్ని పెంచి, నారు మీద వదిలి, ఏది నిలబడిందో చూసే కీటక శాస్త్రవేత్త ఉండాలి.

కొబ్బరి సంగతీ అంతే. 2016లో పొల్లాచ్చిలో మొదట కనిపించిన రూగోస్ తెల్లదోమ మన తోటల దాకా వచ్చింది. ఆకుల మీద ఆ నల్లటి మసి మీరూ చూసే ఉంటారు. అంత ఎత్తు చెట్లకు మందు కొట్టడం ఎవరి వల్ల అవుతుంది? అందుకే దాని పిల్లల్లో గుడ్లు పెట్టే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ జాతి పురుగు మీద, దోమకు జబ్బు తెప్పించే శిలీంధ్రం మీద శాస్త్రవేత్తలు ఆధారపడ్డారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఈ పనే చేస్తారు. ఒకసారి మీ అమ్మాయిని అక్కడికి తీసుకెళ్లండి, నా జవాబు కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

పురుగంటే పంట తినేదే అనుకోవద్దు. ఆయిల్‌పామ్‌లో గెల నిండుగా కాయాలంటే ఒక చిన్న ముక్కుపురుగు పుప్పొడి మోయాలి. మలేసియాలో 1981లో ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి దాన్ని తెచ్చి వదిలేదాకా కూలీలే చేత్తో పుప్పొడి చల్లేవారు. మీ వైపు కొబ్బరిలో వేసే కోకో కూడా కంటికి ఆనని చిన్న ఈగల వల్లే కాయ కడుతుంది.

ఇక చదువు. నా ఓటు అగ్రికల్చర్ బీఎస్సీకే. ఈఏపీసెట్ రాయాలి. బాపట్లలోనూ, మీకు దగ్గరగా రాజమహేంద్రవరంలోనూ రంగా వర్సిటీ కాలేజీలున్నాయి. నాలుగేళ్ల తర్వాత ఎమ్మెస్సీ ఎంటమాలజీ రెండేళ్లు. అసలు కీటక శాస్త్రం అక్కడే నేర్చుకుంటారు. డిగ్రీతోనే వ్యవసాయ అధికారి పోస్టులకు అర్హత వస్తుంది, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీలతో పరిశోధన, బోధన ఉద్యోగాలు. మందుల కంపెనీలూ తీసుకుంటాయి గానీ అక్కడ చాలా ఉద్యోగాలు సేల్స్ టార్గెట్లతో ఉంటాయి, ఆ టెన్షన్ అందరికీ పడదు.

పంటలకంటే జాతులను గుర్తించడమే ఆమెకు ఇష్టమైతే జువాలజీ దారి పట్టాలి. 1916 నుంచి ఉన్న జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా లాంటి చోట్ల ఆ పని ఉంది. పోస్టులు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. మనుషుల్ని కుట్టి జబ్బులు మోసే దోమల మీద ఆసక్తి ఉంటే పుదుచ్చేరిలోని వెక్టార్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌లో పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ ఎమ్మెస్సీ ఉంది. బోదకాలుతో ఏళ్లు బాధపడ్డవాళ్లను చూసిన మన డెల్టాకు ఆ చదువు చిన్నదేం కాదు.

నీట్ కూడా రాయనివ్వండి, సిలబస్ చాలావరకు ఒకటే. ర్యాంకు రాకపోతే మాత్రం ఇష్టం లేని పిల్లను లాంగ్ టర్మ్ హాస్టల్లో పెట్టకండమ్మా. ఆ ఏడాది అగ్రికల్చర్‌లో చేరితే నయం.

ఆమెకు ఒక పని చెప్పండి. ప్రతి ఫొటోకు తేదీ, ఊరు, ఏ మొక్క మీద ఉందో రాసుకోమనండి. ఐనాచురలిస్ట్ యాప్‌లో పెడితే తెలిసినవాళ్లు పేరు చెబుతారు. మీరు పొలం పాస్‌బుక్, ఆమె స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టండి. అగ్రికల్చర్ సీట్లలో రైతు కోటా ఉంటుంది, మీకు వర్తిస్తుందో లేదో నోటిఫికేషన్ రాగానే నిబంధనలు చదివి చూసుకోండి.