అసైన్‌మెంట్లలో 24, పరీక్షలో 26: ఆన్‌లైన్ మ్యాథ్స్ కోర్సు నాకు నేర్పింది

మీ ప్రశ్న చదివాను. బీటెక్ రెండో సంవత్సరం, క్రెడిట్ల కోసం ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులుండే వేదిక) 12 వారాల లీనియర్ ఆల్జీబ్రా కోర్సులో చేరారు. "ఆన్సర్లు గ్రూపులో వచ్చేస్తాయి, వీడియోలు కూడా చూడక్కర్లేదు" అని సీనియర్లు అంటున్నారు. అసలు ఇందులో మనం ఎంత చేయాలి, ఎలా నడుచుకోవాలి అని అడిగారు. ఆ సీనియర్ల మాట విని మునిగినవాణ్ణి నేను, కాబట్టి చెబుతాను.

నేను మూడో సంవత్సరంలో ఉండగా ఇదే కోర్సు తీసుకున్నాను. అసైన్‌మెంట్ గడువు బుధవారం రాత్రి 11:59. మా క్లాసు గ్రూపులో తొమ్మిదింటికల్లా ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ పెట్టేవారు. ఒకటి బి, రెండు డి అని టిక్కులు కొట్టుకుంటూ పోవడమే. మొత్తం పని నాలుగు నిమిషాలు. ఒక్క వీడియో కూడా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. 12 వారాలయ్యేసరికి 25కి 24. మా నాన్నగారైతే "మావాడు ఐఐటీ కోర్సు చేస్తున్నాడు" అని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పేశారు. అదొక అదనపు టెన్షన్.

పరీక్ష రోజు పొద్దున్నే బస్సెక్కి విజయవాడ సెంటర్‌కి వెళ్ళాను. మొదటి ప్రశ్నల్లోనే ఒకటి: 4×4 మాట్రిక్స్ (నాలుగు వరసల అంకెల పట్టిక), డిటర్మినెంట్ (ఆ పట్టిక నుంచి లెక్కగట్టే ఒక సంఖ్య) 3, మాట్రిక్స్ మొత్తాన్ని 2తో గుణిస్తే కొత్త డిటర్మినెంట్ ఎంత? ఇలాంటిదే అసైన్‌మెంట్‌లో వచ్చింది, బాగా గుర్తుంది. అక్కడ 3×3 మాట్రిక్స్, డిటర్మినెంట్ 5, జవాబు 40. అంటే 8తో గుణించాలి, అంతే కదా అనుకుని 24 అని కొట్టేశాను. ఆ 8 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే కదా! మూడు వరసలుంటే ఒక్కో వరస నుంచి ఒక్కో 2 బయటికి వస్తుంది కాబట్టి అక్కడ 8. నాలుగు వరసలుంటే 16. జవాబు 48. మూడు గంటల పరీక్షలో ఇలాంటివి ఎన్ని పోయాయో లెక్కపెట్టుకోలేదు.

పరీక్షలో 75కి 26 వచ్చాయి. మొత్తం 50. అయినా సర్టిఫికెట్ రాలేదు. ఎందుకంటే లెక్క ఇది: 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 తీసుకుని, వాటి సగటును 25కి వేస్తారు. మిగతా 75 సెంటర్‌కి వెళ్ళి రాసే పరీక్షకి. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30, రెండూ విడివిడిగా రావాలి. ఒకదానిలో ఎక్కువొస్తే రెండోదానికి సర్దరు. చేరేటప్పుడే ఇది కోర్సు పేజీలో రాసి ఉంది. చదివిందెవరు?

అదే కోర్సు జులైలో మళ్ళీ వచ్చింది. పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు మళ్ళీ కట్టాను, ఈసారి ఇంట్లో చెప్పకుండా.

ఈసారి చేసిందల్లా ఒక వంద పేజీల నోట్‌బుక్ కొనడం. వారానికి వీడియోలు రెండున్నర గంటలుండేవి. వాటిని ఒకటిన్నర స్పీడులో సినిమాలా చూస్తే అంతా అర్థమైనట్టే ఉంటుంది. ప్రొఫెసర్ గారు ఒక మెట్టు చెప్పగానే వీడియో ఆపేసి తరవాతి మెట్టు నేనే వేయడం మొదలుపెట్టాక తెలిసింది నాకెంత వచ్చో. రో రిడక్షన్ (మాట్రిక్స్ వరసల్ని కూడుతూ తీసేస్తూ తేలిక చేయడం) చేస్తూ మైనస్ గుర్తు ఎక్కడ పోగొట్టుకున్నానో వెతకడానికే ఒక్కోసారి అరగంట పట్టేది. మొత్తం మీద వారానికి ఏడెనిమిది గంటలు పోయేవి. మీరూ అంత సమయం పక్కన పెట్టుకోండి. గడువులోపు ఎన్నిసార్లయినా సబ్మిట్ చేయవచ్చు, చివరిదే లెక్కలోకి తీసుకుంటారు. అందుకని శనివారమే ఒకసారి వేసేసి, అనుమానమున్నవి బుధవారంలోపు మార్చుకునేవాణ్ణి. బుధవారం రాత్రి కరెంటు పోయినా గుండె జారేది కాదు.

ఇక నడవడిక సంగతి. గడువు ముగియకముందే జవాబులు పంచుకోకూడదు. ఇదీ నియమాల్లో ఉన్నదే. కలిసి చర్చించుకోండి, "ఈ లెక్కకి ఏ థియరం వాడాలి" అని అడగండి, తప్పు లేదు. ఏ ఆప్షన్ టిక్ పెట్టాలో మాత్రం అడగొద్దు, చెప్పొద్దు. ఇప్పుడు గ్రూపు కూడా అక్కర్లేదు, చాట్‌జీపీటీకి ఫొటో పెడితే చేసిపెడుతుంది. పరీక్ష హాల్లోకి అది రాదు, అంతే తేడా.

డౌట్ అడగడం కూడా నాకు రాలేదు మొదట్లో. "సర్, 7వ ప్రశ్న అర్థం కాలేదు, ప్లీజ్ సాల్వ్" అని కోర్సు ఫోరమ్‌లో పెట్టాను. ఎవరూ పలకలేదు. పలకరు కూడా, దేనికని పలుకుతారు? తరవాత ఒకసారి పద్ధతిగా రాద్దామని కూర్చున్నాను. 4వ వారం, ఫలానా ప్రశ్న, నేను చేసింది ఇదీ అని ఒక్కో మెట్టూ టైప్ చేస్తున్నాను. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ దగ్గరికి వచ్చి, మధ్యలో 'రెండు ఏబీ' అని కొట్టి ఆగిపోయాను. ఇవి మాట్రిక్సులు కదా! ఏబీ, బీఏ ఒకటి కావాలని లేదు. ఏబీ ప్లస్ బీఏ అని విడిగానే ఉంచాలి. ఎనిమిదో తరగతి సూత్రాన్ని అలవాటుకొద్దీ దింపేశాను. ఆ డౌట్ పంపనే లేదు.

లైవ్ సెషన్‌లో మైక్ ఆఫ్‌లో పెట్టుకోండి. మా దాంట్లో ఒకరింట్లో కుక్కర్ మూడు విజిల్స్ వేసేదాకా క్లాసు ఆగిపోయింది. పాఠం నడుస్తుండగా చాట్‌లో "అటెండెన్స్ ఉందా మేడం", "సర్టిఫికెట్ ఎప్పుడొస్తుంది" అని అడగకండి. పాఠం చెప్పేవాళ్ళు నిజంగా లెక్కలు చెప్పడానికే వస్తారు. అసైన్‌మెంట్ జవాబుల కీలో తప్పుందని మీకు ఖాయంగా తెలిస్తే మాత్రం మొహమాటపడొద్దు. మీ సొల్యూషన్ జతచేసి మర్యాదగా రాయండి. మా బ్యాచ్‌లో ఒకరు అలా రాస్తే కీ సరిచేసి మార్కులు మార్చారు.

రెండోసారి నాకు అసైన్‌మెంట్లలో 17 వచ్చాయి. మొదటిసారి కంటే ఏడు తక్కువ. పరీక్షలో 48. మొత్తం 65, ఎలీట్ సర్టిఫికెట్, అంటే మామూలు పాస్ కంటే ఒక మెట్టు పైది. అప్పుడు మాత్రం నాన్నగారికి నేనే ఫోన్ చేశాను.

మీ కోర్సులో సున్నా వారం అసైన్‌మెంట్ ఉంటే ఈరోజే చేసి చూడండి. దానికి మార్కులుండవు, మనకి ముందు రావలసినవి వచ్చో లేదో చెబుతుంది. అందులో సగం రాకపోతే కంగారేం లేదు, మన ఇంటర్ 1ఏ పుస్తకం అటక మీద నుంచి దించి మాట్రిసెస్ చాప్టర్ ఈ ఆదివారం ఒకసారి చేసుకుని అప్పుడు మొదటి వీడియో తెరవండి.