గాయపాకు నిజంగా గాయం మానుస్తుందా? పరీక్షించడం ఎలా?

ఇంట్లో పెద్దవాళ్లు గాయాలకు గాయపాకు (గడ్డి చామంతి) పసరు పిండేవారని, అందులో నిజమెంతో ఎం.ఫార్మసీ ప్రాజెక్టుగా తేల్చాలనుకుంటున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని మీరు అడిగారు. నేను ఈ మొక్క మీదే పని చేశాను. నేను చేసిన పొరపాట్లు మీరు చేయకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మొక్క ఏదో ఖాయం చేసుకోండి. గాయపాకు అనే పేరుతో జనం ఒక్క మొక్కనే పిలవరు. పూలతో ఉన్న కొమ్మను వృక్షశాస్త్రం తెలిసినవారికి చూపించి, అది ట్రైడాక్స్ ప్రోకంబెన్సే (గడ్డి చామంతి శాస్త్రీయ నామం) అని రాయించుకోండి. ఎండబెట్టిన నమూనాను నంబరు వేయించి హెర్బేరియంలో (ఎండిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) పెట్టించండి. (తరతరాల నాటి మందు అనుకుంటాం గానీ, ఈ మొక్క పుట్టిల్లు అమెరికా ఖండాల్లోని ఉష్ణ ప్రాంతాలు.)

పెద్దవాళ్లు పిండింది పచ్చి ఆకు పసరు. మనం ఆకు ఎండబెట్టి, పొడి కొట్టి, ఇథనాల్‌తో తీసే సారం వేరే పదార్థం. అది పని చేయకపోతే పెద్దల మాట తప్పని కాదు, చేస్తే ఒప్పనీ కాదు. అందుకే తాజా రసమో, నీటితో తీసిన సారమో పక్కన తప్పకుండా పెట్టుకోండి.

కణాల మీద చేసే పరీక్షల్లో నేను మొదట బోల్తా పడింది, బతికున్న కణాలు ఎన్నో రంగుతో అంచనా వేసే ఎంటీటీ పరీక్ష దగ్గర. పసుపు రంగు ఎంటీటీని బతికున్న కణాలు ఊదా రంగుకి మారుస్తాయి కదా. మా సారం వేసిన ప్లేటు ముదురు ఊదాకి తిరిగితే, కణాలు బాగా పెరిగాయని సంబరపడ్డాం. అనుమానం వచ్చి, కణాలే లేని వెల్‌లో (ప్లేటులోని చిన్న గుంటలో) సారం, ఎంటీటీ కలిపి చూస్తే అక్కడా ఊదా రంగే! ఆకులోని యాంటీఆక్సిడెంట్లే రంగు మార్చేస్తున్నాయి. ఆ ఖాళీ వెల్ మీరు మొదటి రోజు నుంచే పెట్టండి. పిపెట్ టిప్‌తో గీత గీసి, అది పూడటం చూసే స్క్రాచ్ పరీక్షలోనూ ఒక చిక్కుంది. కణాలు జరిగి వచ్చి పూడ్చాయా, విభజన చెంది పూడ్చాయా అన్నది ఫొటో చెప్పదు. అందుకే కణాల విభజనను పెంచే సీరం తగ్గించి చేయండి.

అసలు కష్టం ఎలుకల దగ్గర. మేము మొదట రెండే గుంపులు పెట్టాం: ఏమీ పూయనివి, మా ఆయింట్‌మెంట్ పూసినవి. పూసినవాటికి గాయం తొందరగా మూసుకుంది. మా గైడ్ ఒకటే అడిగారు: “ఉత్త బేస్ (మందు కలపని ఆయింట్‌మెంట్) పూసిన గుంపు ఏది?” మళ్లీ అనుమతి తీసుకుని, ఆ గుంపు కూడా పెట్టి చేశాం. ఆకు సారం లేని ఉత్త బేస్ పూసినా గాయం దాదాపు అంతే వేగంగా మూసుకుంది. గాయం ఎండిపోకుండా తడిగా ఉంచితేనే చాలా మేలు జరుగుతుంది, ఆ మేలంతా ఆకు ఖాతాలో వేసుకున్నాం. చాలా బాధేసింది. అనవసరంగా ఎలుకలు పోయాయన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఇంకో సంగతి, ఎలుక చర్మం కింద ఉండే పల్చటి కండర పొర గాయం అంచుల్ని దగ్గరకు లాగేస్తుంది. మనిషి గాయం ఎక్కువగా కొత్త కణజాలం, కొత్త చర్మం పెరిగి మానుతుంది. కాబట్టి వైశాల్యం తగ్గిందన్న ఒక్క లెక్క మీద ఆధారపడకండి. అంచులు అలా దగ్గరకు రాకుండా గాయం చుట్టూ సిలికాన్ రింగు కుట్టే పద్ధతి వీలైతే నేర్చుకోండి. కొల్లాజెన్‌లో ఉండే హైడ్రాక్సీప్రోలిన్‌ను కొలిచి, కొత్త కణజాలానికి బలమిచ్చే ఆ కొల్లాజెన్ ప్రొటీన్ ఎంత చేరిందో చూడండి, కణజాలం స్లైడ్లు కూడా చదివించండి.

పసుపు పేటెంట్ సంగతి చాలామంది రుజువుగా చూపిస్తారు. గాయాలకు పసుపు వాడకంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంట్, మన సీఎస్ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) సవాలు చేయడంతో 1997లో రద్దయింది. తేలింది అది కొత్త సంగతి కాదని మాత్రమే. పసుపు గాయం మానుస్తుందా లేదా అన్నది అక్కడ తీర్పుకి రాలేదు. మీ థీసిస్‌లో ఆ రెండూ కలిపి రాయకండి.

మీ సొంత గాయం మీద మాత్రం పచ్చి ఆకు ప్రయత్నించొద్దు. ఆకుకి అంటిన మట్టిలో ధనుర్వాతం తెచ్చే క్రిములు ఉండొచ్చు. జంతు నైతిక కమిటీకి దరఖాస్తు ఇప్పుడే పెట్టండి, అనుమతికి టైమ్ పడుతుంది. అందులో బేస్ గుంపును మొదటే రాయండి. పారదర్శక షీటు మీద గాయం అంచు గీసేవాళ్లకి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియనివ్వకండి. మా దగ్గర నేనే పూసి నేనే గీశాను, అందుకే ఆ మొదటి గీతల్ని నేనే నమ్మలేకపోయాను.