హెడ్‌బోర్డు కోసం రూ.24,000 వాయిదాలు అవసరమా?

ప్రశ్న: మేము విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో అద్దె ఇంటి కింది వాటాలో ఉంటున్నాం. 2024 సెప్టెంబరులో వచ్చిన బుడమేరు వరదలో మా డబుల్ కాట్ నాని పాడైపోయింది. తర్వాత ఐదడుగుల వెడల్పున్న ఇనుప మంచం కొన్నాం కానీ, దానికి తలవైపు ఆనుకోవడానికి ఏమీ లేదు. ఒక ఫర్నిచర్ దుకాణంలో మెత్తటి హెడ్‌బోర్డుకు రూ.24,000 చెప్పారు. క్రెడిట్ కార్డు మీద పన్నెండు నెలల వడ్డీ లేని వాయిదాల్లో ఇస్తామని, ఒకేసారి కడితే రూ.1,500 తగ్గిస్తామని అన్నారు. మా ఇద్దరి జీతాలు కలిపి రూ.46,000. కార్డుకు కట్టే కనీస మొత్తంతో సహా నెల ఖర్చు రూ.38,000. పొదుపు ఖాతాలో రూ.60,000, క్రెడిట్ కార్డు మీద రూ.18,000 బాకీ ఉన్నాయి. ఈ వాయిదాలు తీసుకోవచ్చా? తక్కువ ఖర్చులో మరో దారి ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: వాయిదాల్లో తీసుకోవద్దనే నా సలహా. అలాగని మీ మంచానికి హెడ్‌బోర్డు అక్కర్లేదని కాదు. రోజంతా పని చేసి వచ్చినవారు రాత్రిపూట కాసేపు నడుము ఆన్చి కూర్చోవాలనుకోవడం విలాసం కాదు. అందుకు రూ.24,000 పెట్టాలా, అదీ అప్పు చేసి పెట్టాలా అన్నదే ఆలోచించవలసిన విషయం. మీ పరిస్థితిలో దీనికి రూ.3,500 మించి ఖర్చు పెట్టకూడదని నా అభిప్రాయం. ఆ మొత్తంలోనే పని జరిగే దారులు మీ ఊళ్ళోనే ఉన్నాయి.

ముందుగా వాయిదాల లెక్క చూద్దాం. నెలకు రూ.2,000 చొప్పున పన్నెండు నెలలు కడితే దుకాణం చెప్పిన ధరే అవుతుంది కనుక వడ్డీ లేదనిపిస్తుంది. కానీ బ్యాంకు ఈ అప్పుకు వడ్డీ లెక్కకడుతూనే ఉంటుంది. అమ్మకందారు ఇచ్చే తగ్గింపుతో ఆ వడ్డీని సర్దుబాటు చేస్తారు, దాని మీద పడే 18 శాతం జీఎస్టీ మాత్రం మీ బిల్లులోకే వస్తుంది. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే ఇందులో వడ్డీ భాగం సుమారు రూ.1,840, దాని మీద జీఎస్టీ రూ.330 అవుతాయి. ప్రాసెసింగ్ రుసుము రూ.299 అనుకుంటే జీఎస్టీతో కలిపి రూ.353. వీటికి మీరు వదులుకునే రూ.1,500 తగ్గింపును కూడా కలపండి. అంటే రూ.22,500కు చేతికి వచ్చే వస్తువుకు దాదాపు రూ.2,180 అదనంగా కడుతున్నారు. నెలనెలా అసలు తగ్గుతూ వస్తుంది కాబట్టి, ఇది ఏడాదికి 17, 18 శాతం వడ్డీతో సమానం. క్రెడిట్ కార్డులపై ఇచ్చే సున్నా శాతం వాయిదా పథకాల్లో వడ్డీ తరచుగా ప్రాసెసింగ్ రుసుము రూపంలో దాగి ఉంటుందని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది హెడ్‌బోర్డు కాదు, కార్డు బాకీ. నెలకు 3.5 శాతం చొప్పున చూసినా రూ.18,000 మీద వడ్డీ రూ.630, జీఎస్టీతో కలిపి రూ.743 అవుతుంది. కనీస మొత్తం మాత్రమే కడుతున్నప్పుడు అందులో పెద్ద భాగం వడ్డీకే పోతుంది, అసలు కదలదు. పైగా పాత బాకీ పూర్తిగా తీరేవరకు అదే కార్డుతో చేసే కొత్త కొనుగోళ్ళకు వడ్డీలేని గడువు వర్తించదు. నాలుగు నెలలపాటు ఇలా పోయే డబ్బు దాదాపు రూ.3,000. మీరు చేయించుకోగల హెడ్‌బోర్డు ఖరీదు ఇంచుమించు అంతే. ఒకవైపు మూడు శాతం కూడా సరిగా రాని పొదుపు ఖాతాలో రూ.60,000 ఉంచుకుని, మరోవైపు ఏడాదికి 42 శాతం పడే బాకీని మోయడం వల్ల మీ కష్టార్జితం కరిగిపోతోంది. వరద చూసిన ఇల్లు కాబట్టి చేతిలో నగదు తగ్గితే మీకు భయం వేస్తుందని నాకు తెలుసు, ఆ భయంలో న్యాయం ఉంది. కానీ బాకీ తీర్చాక కూడా మీ దగ్గర రూ.42,000 మిగులుతుంది. పైగా కార్డులో అంత మేర పరిమితి మళ్ళీ ఖాళీ అవుతుంది. నిజమైన ఆపద వస్తే నగదు తర్వాత అది రెండో ఆసరా.

ఇక హెడ్‌బోర్డు విషయానికి వద్దాం. మీలాంటి ఇంటికి దానిని ఎంచుకునేటప్పుడు నేను మూడు విషయాలు చూస్తాను. నీళ్ళు వస్తే అది తట్టుకోవాలి, లేదా రెండు నిమిషాల్లో విప్పి మేడ మీదికి చేర్చగలగాలి. దుకాణాల్లో దొరికే చాలా హెడ్‌బోర్డుల లోపల ఉండే పార్టికల్ బోర్డు ఒక్కసారి నానితే ఉబ్బి పొరలు విడిపోతుంది, దాన్ని బాగు చేయడం కుదరదు. రెండోది, ఇల్లు మారినప్పుడు అది మీతో రావాలి, గోడకు రంధ్రాలు పడకూడదు. మూడోది నూనె మరక. తలకు కొబ్బరినూనె రాసుకునే ఇళ్ళలో ఆరు నెలలు తిరిగేసరికి తల ఆనిన మేర గోడ మీద గుండ్రటి నల్లని జిడ్డు పడుతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు పేరిట అడ్వాన్సులో కోత పడేది ఇలాంటి మరకలకే.

ఈ మూడింటికీ సరిపోయేది ఆటోనగర్‌లో దొరుకుతుంది. అక్కడ లారీలకు, బస్సులకు బాడీలు కట్టే పనితో పాటు సీట్లు కుట్టే పని కూడా జరుగుతుంది. హెడ్‌బోర్డు చేయడానికి కావలసినది కూడా ఆ పనితనమే: చెక్క మీద ఫోమ్ పరిచి, రెక్సిన్ బిగించి, వెనకవైపు పిన్నులు కొట్టడం. మీ మంచం తలవైపు కాళ్ళకు రెండు చదరపు ఇనుప గొట్టాలను నిలువుగా నట్టు బోల్టులతో బిగించమనండి. వెల్డింగ్ చేయిస్తే మళ్ళీ విప్పలేరు. వాటికి ఐదడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు ఉన్న 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక చాలు. పలక పరుపు పైఅంచు నుంచి మొదలైతే సరిపోతుంది. పరుపు కిందికి ఉండే భాగం ఎవరి వీపుకూ ఆనదు కాబట్టి దానికి డబ్బు పెట్టనవసరం లేదు. మెరైన్ ప్లైవుడ్‌కు ఇచ్చే ఐఎస్ 710 గుర్తున్న ప్లైవుడ్ తేమను బాగా తట్టుకుంటుంది. కొత్త షీటు కొనకుండా, పెద్ద పనుల్లో మిగిలిన ముక్క ఏదైనా ఉందేమో వడ్రంగి దగ్గర అడగండి. రెక్సిన్ మీద నూనె మరకను తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. మన ఎండలకు, చెమటకు అది కొన్నేళ్ళలో పొట్టు రేగుతుందన్నది నిజమే. అప్పుడు పైతొడుగు ఒక్కటే మార్పించుకోవచ్చు. ధర మాట్లాడేటప్పుడు పలక, ఫోమ్, రెక్సిన్, కూలి, ఈ నాలుగింటికీ విడివిడిగా రేటు చెప్పించుకోండి. మొత్తంగా ఒకే అంకె చెబితే ఎక్కడ తగ్గించాలో మీకు తెలియదు.

అంతకన్నా తక్కువలో కావాలంటే గుడ్డతో చేసుకోవచ్చు. అవే రెండు నిలువు గొట్టాల మధ్య ఒక కర్టెన్ రాడ్ బిగించి, పెడనలో అచ్చులతో అద్దే కలంకారీ దుప్పటిని దానికి వేలాడదీయండి. దాని ముందు గుడ్డ పట్టీలతో రెండు పొడవాటి దిండ్లు తగిలించండి. ఇంట్లో గడ్డకట్టిన పాత పరుపు ఉంటే పారేయకండి. వీధుల్లో దూది ఏకి పరుపులు కుట్టేవారికి ఇస్తే ఆ దూదితోనే దిండ్లు తయారవుతాయి. గలేబులకు మంగళగిరి నూలు గుడ్డ బాగుంటుంది: గాలి ఆడుతుంది, ఉతికే కొద్దీ మెత్తబడుతుంది. కలంకారీ దుప్పటిని మాత్రం మొదటి రెండు ఉతుకులు విడిగా ఉతకండి. మన వాతావరణంలో రెక్సిన్ కన్నా వీపుకు హాయినిచ్చేది ఇదేనని నా నమ్మకం. నెలకోసారి ఉతికే ఓపిక ఉంటే దీన్నే ఎంచుకోండి.

కొందరు పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే టేకు తలుపు రెక్కను అడ్డంగా బిగించుకుంటారు. చూడటానికి ఎంతో అందంగా ఉంటుంది, కానీ చెద ఉందేమో వేలితో నొక్కి చూడండి. పాత రంగును ఇంట్లో గీకవద్దు. ఇంటి రంగుల్లో సీసానికి కఠినమైన పరిమితి 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది కాబట్టి పాత తలుపుల రంగులో అది ఎక్కువగా ఉండవచ్చు. సరుకు దించాక మిగిలే చెక్క ప్యాలెట్లు తీసుకుంటే హెచ్‌టీ అన్న ముద్ర ఉన్నవాటినే తీసుకోండి, అది వేడితో శుద్ధి చేసినదానికి గుర్తు. ఎంబీ అని ఉంటే రసాయన వాయువుతో శుద్ధి చేసినదని అర్థం, పడకగదికి వద్దు. గోనెగుడ్డ తొడుగు వేయాలనుకుంటే కొత్త గుడ్డే కొనండి. గుంటూరు నుంచి వచ్చే మిర్చి టిక్కీల గోనెలు ఎన్నిసార్లు ఉతికినా పిల్లల కళ్ళకు, ముక్కుకు మంచివి కావు. వెదురు, పేము సామాను మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి, పూర్తిగా పేముతో అల్లిన పలక దొరికితే దాని ధర కూడా అడిగి చూడండి. గోడ మీద హెడ్‌బోర్డు ఆకారంలో రంగు వేయడం అన్నిటికన్నా చవక. కానీ అది వీపుకు ఆసరా ఇవ్వదు, అద్దె ఇంట్లో యజమాని అనుమతి కూడా కావాలి.

ఈ నెలలోనే పొదుపు ఖాతా నుంచి కార్డు బాకీ మొత్తం తీర్చండి. తర్వాతి బిల్లులో మిగిలిన రోజుల వడ్డీ కొంత కనిపిస్తే అది కూడా కట్టేయండి. హెడ్‌బోర్డుకు పొదుపు ముట్టుకోకుండా, వచ్చే నెల మిగులు రూ.8,000 లోంచి రూ.3,500 వాడండి. ఆ తర్వాతి నెల నుంచి మిగులంతా విడిగా ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, తొమ్మిది నెలల్లో, పొదుపులో మిగిలిన రూ.42,000తో కలిపి, మూడు నెలల ఖర్చుకు సరిపడా సుమారు రూ.1,14,000 చేతిలో ఉంటుంది. జూన్‌లో వానలు మొదలయ్యేలోగా ఆటోనగర్ పని ముగించుకుంటే మంచిది. పలకకు, గోడకు మధ్య అంగుళం ఖాళీ వదలమని చెప్పండి, చెమ్మ పట్టదు.