లివర్ ముక్క పరీక్షలో ఒకే స్లైడ్‌కి ఇద్దరు డాక్టర్లు రెండు రకాల రిపోర్టులు ఎలా ఇస్తారు?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు: నాన్నగారికి 54 ఏళ్లు, పదేళ్లుగా షుగర్. లివర్ ముక్క తీసి పరీక్షకి పంపితే మొదటి చోట కొవ్వు 2, వాపు 1, బెలూనింగ్ (కణాలు ఉబ్బడం) 0, మొత్తం స్కోరు 3 అన్నారు. అదే స్లైడ్ తీసుకెళ్లి రెండో చోట చూపిస్తే కొవ్వు 2, వాపు 2, బెలూనింగ్ 1, మొత్తం 5, కాబట్టి స్టియాటోహెపటైటిస్ (కొవ్వుతో పాటు లివర్ వాచి దెబ్బతినడం) అన్నారు. ఫైబ్రోసిస్ (లివర్‌లో మచ్చలు కట్టడం) మాత్రం రెండు చోట్లా స్టేజ్ 1. ఇద్దరిలో ఒకరు సరిగ్గా చూడలేదా, లేక డబ్బు కోసం పెద్దది చేసి చెప్పారా అని అడిగారు.

నేను పాథాలజిస్టుని, 14 ఏళ్లుగా పొద్దున లేస్తే మైక్రోస్కోపే. ఇద్దరూ నిజాయితీగా చూసి కూడా ఇలా రాయగలరు. ఎందుకు అంత ధీమాగా చెబుతున్నానంటే, నాతో నేనే విభేదించిన చరిత్ర నాకుంది. పీజీ రెండో ఏడులో మా మేడమ్ 20 లివర్ స్లైడ్లు ఇచ్చి స్కోరు వేయమన్నారు, వేశాను. రెండు వారాల తర్వాత ఇంకో 20 ఇచ్చారు, అవీ వేశాను. తర్వాత తెలిసింది, అవి పాతవే, నంబర్లు మార్చి ఇచ్చారంతే. ఆరింటిలో నా మాట నేనే కాదన్నాను! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేడమ్ మాత్రం "ఆరేనా, నయమే" అన్నారు.

అసలు ఆ స్కోరు ఎలా వేస్తారో చెబితే మీకే అర్థమవుతుంది. ముక్కని ఆల్కహాల్లో, జైలీన్‌లో ముంచి, మైనంలో పోసి, పల్చటి పొర కోసి, ఊదా, గులాబీ రంగులు వేస్తాం. ఈ తతంగంలో కొవ్వంతా కరిగి పోతుంది, కాబట్టి స్లైడ్ మీద మేము చూసేది కొవ్వుని కాదు, కొవ్వు ఉండి వెళ్లిపోయిన గుండ్రటి తెల్ల ఖాళీల్ని. ఎన్ని శాతం కణాల్లో ఆ ఖాళీలున్నాయో అంచనా వేయాలి: 5 లోపు అయితే 0, 33 దాకా 1, 66 దాకా 2, ఆపైన 3. ఇక్కడ పెద్దగా గొడవ రాదు.

వాపు సంగతి వేరు. 200 రెట్లు పెద్దది చేసి చూస్తే ఒక్కో ఫీల్డ్‌లో తెల్లకణాల గుంపులు రెండు కంటే తక్కువుంటే 1, రెండు నుంచి నాలుగుంటే 2. అంటే ఒక గుంపుని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నదాని మీదే మీ నాన్నగారి వాపు 1 నుంచి 2కి జరిగిపోవచ్చు. ఐదారు కణాలు దగ్గర దగ్గరగా ఉంటే అది గుంపా, యాదృచ్ఛికంగా కలిసినవా? మీరే చెప్పండి.

అన్నిటికంటే తలనొప్పి బెలూనింగ్. మామూలు లివర్ కణం 20–30 మైక్రాన్లుంటుంది, మూలలు తేరి, గులాబీ రంగులో నిండుగా కనిపిస్తుంది. దెబ్బతిన్న కణం లోపలి పోగులు చెదిరి, ఉబ్బి, మూలలు పోయి గుండ్రమవుతుంది, లోపల రంగు పలచబడి దూదిపింజలా మిగులుతుంది. కొన్నిట్లో గులాబీ తాడు ముక్కల్లాంటి ముద్దలు కూడా ఉంటాయి. వాటిని మాలరీ అనే పాథాలజిస్టు 1911లోనే తాగుడు వల్ల చెడిన లివర్లలో వర్ణించాడు, ఇప్పుడు మాలరీ-డెంక్ బాడీస్ అంటున్నాం. ముద్ద కనబడితే పేచీ లేదు. కనబడనప్పుడే వస్తుంది చిక్కు. బాణలిలో పూరీలు చూశారుగా, పూర్తిగా పొంగిందీ తెలుస్తుంది, అసలు పొంగనిదీ తెలుస్తుంది. సగం పొంగినదాన్ని చూపించి పొంగినట్టా కాదా, ఒక్క మాటలో చెప్పమంటే ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. కణం కూడా అంచెలంచెలుగానే ఉబ్బుతుంది, రిపోర్టు మాత్రం 0, 1, 2 అని గీత గీయమంటుంది.

దీనికి తోడు కంటి గొడవ ఒకటి. పలచగా ఉందా అన్నది కన్ను విడిగా కొలవదు, పక్కవాటితో పోల్చి చెబుతుంది. ఎంఐటీలో ఎడెల్‌సన్ 1995లో చేసిన చదరంగం గళ్ల బొమ్మ చూడండి, నీడలో ఉన్న తెల్ల గడి, బయట ఉన్న నల్ల గడి నిజానికి ఒకే బూడిదరంగు, కానీ ఎంత చెప్పినా కన్ను నమ్మదు. స్లైడ్ మీదా అంతే, రంగు ముదురుగా పడ్డ కణాల మధ్య ఉన్న కణం మరీ పలచగా అనిపిస్తుంది. ఇంతకుముందే ముదురు స్లైడ్ చూసి వచ్చి వెంటనే లేతది పెడితే నాకైతే అంతా బెలూన్లే కనబడతాయి. అందుకే నేను మధ్యలో లేచి టీ తాగి వస్తాను. (సాకు అని మా టెక్నీషియన్ అభిప్రాయం.)

ఇక మీ కేసులో నాకు ముఖ్యంగా అనిపించింది ఇంకొకటి. మొదటి ల్యాబ్‌కి వెళ్లిన చీటీలో "లివర్ ఎంజైములు పెరిగాయి" అని మాత్రమే ఉందనీ, రెండో ఆయనకి మీరే కూర్చుని షుగర్, బరువు, స్కాన్ అన్నీ చెప్పారనీ రాశారు. అంటే ఇద్దరికీ స్లైడ్ ఒకటే, ప్రశ్నలు వేరు. దేని కోసం వెతుకుతామో అదే కంటికి తగులుతుంది. నాకే జరిగింది, ఒకసారి ఫ్యాటీ లివర్ అని వచ్చిన ముక్కలో బెలూన్లు లెక్కపెట్టడంలో మునిగిపోయి, మూలన ఉన్న గ్రాన్యులోమాని (రోగనిరోధక కణాలు కట్టిన చిన్న ముద్దని) వదిలేశాను. మన దగ్గర అది కనబడితే ముందు టీబీ గురించి ఆలోచించాలి, చిన్న విషయం కాదు. మేడమ్ వేలు పెట్టి చూపించాక, అంతసేపు నా కళ్లముందే ఉందా ఇది అనిపించింది. 2013లో అమెరికాలో ట్రాఫ్టన్ డ్రూ వాళ్లు చేసిన పరిశోధన గురించి తర్వాత చదివి కొంచెం ఊరట పొందాను. ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో గొరిల్లా బొమ్మ అతికించి గడ్డలు వెతకమంటే 24 మంది రేడియాలజిస్టుల్లో 20 మంది గొరిల్లాని చూడలేదట. ఆ గొరిల్లా మామూలు గడ్డకి 48 రెట్లు పెద్దది. చూపు ఎటు పోతోందో కొలిస్తే, ఆ 20 మందిలో 12 మంది నేరుగా దాని మీదే చూపు పెట్టారు కూడా. పెట్టీ చూడలేదు.

మా వృత్తికి ఇంకో అవమానం, 2015లో పావురాలకి గింజలు పెట్టి రొమ్ము కణజాలం ఫోటోలు చూపిస్తే, ఏది క్యాన్సరో 85 శాతం దాకా సరిగ్గా చెప్పాయి. నాలుగు పావురాల మాట కలిపి చూస్తే 99 శాతం! నవ్వుకున్నాను కానీ, ఇద్దరు ముగ్గురితో విడివిడిగా చూపించుకోవడం ఎందుకు మంచిదో అందులోనే ఉంది.

ఇదంతా నా ఊహ అనుకోకండి. ఈ స్కోరుని తయారుచేసిన అమెరికా పాథాలజిస్టుల బృందమే 2005లో తమలో తాము ఎంత ఏకీభవిస్తారో కొలిచి ప్రచురించింది. పూర్తిగా ఒకటే మాట అయితే 1, యాదృచ్ఛికంగా కలిసినంతే అయితే 0 అనుకుంటే, పెద్దవాళ్ల ముక్కల్లో ఫైబ్రోసిస్‌కి 0.84, కొవ్వుకి 0.79, బెలూనింగ్‌కి 0.56, వాపుకి 0.45 వచ్చింది. ఇప్పుడు మీ రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకోండి. ఫైబ్రోసిస్ కలిసింది, కొవ్వు కలిసింది, తేడా వచ్చింది బెలూనింగ్‌లోనూ వాపులోనూ. నిపుణులు ఎక్కడ తడబడతారో సరిగ్గా అక్కడే మీ డాక్టర్లూ విడిపోయారు, డబ్బు కోసం రాసి ఉంటే ఇంత పద్ధతిగా తేడా రాదు.

నాన్నగారి ముందుముందు ఆరోగ్యాన్ని ఎక్కువగా చెప్పేది కూడా 3, 5 కాదు, ఆ ఫైబ్రోసిస్ స్టేజే. అది 1 అని ఇద్దరూ అన్నారు కాబట్టి ఈ రాత్రికి టెన్షన్ తగ్గించుకోండి. షుగర్, బరువు విషయంలో మీ లివర్ డాక్టర్ చెప్పింది రెండు రిపోర్టులకీ ఒకేలా వర్తిస్తుంది. ఇంకో మాట, ఆయనకి మందు అలవాటుందో లేదో మీరు రాయలేదు. తాగుడు వల్ల వచ్చిన మార్పులూ, షుగర్ వల్ల వచ్చినవీ స్లైడ్ మీద చాలాసార్లు ఒకేలా ఉంటాయి, మేము చూసి కనిపెట్టలేం, కాబట్టి డాక్టర్ దగ్గర దాచకండి. వాడుతున్న మాత్రల పేర్లు కూడా చెప్పండి, స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ లాంటివి కూడా లివర్‌లో కొవ్వు పెంచగలవు.

మళ్లీ ముక్క తీయించాలా అన్నారు. నా లెక్కలో అక్కర్లేదు. సూదికి వచ్చేది లివర్ మొత్తంలో దాదాపు 50,000వ వంతు, మళ్లీ గుచ్చితే ఇంకో చోటిది వచ్చి మూడో రకం రిపోర్టు వచ్చే అవకాశమే ఎక్కువ. దాని బదులు మొదటి ల్యాబ్‌లో మైనం బ్లాక్ (మీ నాన్నగారి ముక్క ఉన్న మైనపు దిమ్మ) అడిగి తీసుకోండి, లివర్ ఎక్కువగా చూసే పాథాలజిస్టు ఎవరికైనా పాత రిపోర్టులు ముందే చూపించకుండా, వివరాలు మాత్రం అన్నీ చెప్పి ఇవ్వండి. వాళ్లకి కెరాటిన్ 8/18 స్టెయిన్ (కణం లోపలి పోగులకి పట్టే రంగు) సదుపాయం ఉంటే చేయమనండి. మామూలు కణం గోధుమరంగు పడుతుంది, నిజంగా బెలూన్ అయినది ఆ రంగు కోల్పోతుంది, సగం పూరీల తగువు కొంతవరకు తీరుతుంది. స్లైడ్లు కవర్లో పెట్టి కొరియర్ చేయకండి, పగులుతాయి, ప్లాస్టిక్ డబ్బాలో మీరే తీసుకెళ్లండి. విజయవాడ అన్నారు కదా, ఈ ఎండల్లో బ్లాక్‌ని కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదలకండి, మైనం 60 డిగ్రీల లోపే కరుగుతుంది.