ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా: బుర్లా వెళ్లి కంప్యూటర్ సైన్స్ చదవగలనా?

తమ్ముడూ, మీది రాయగడ అని, పదో తరగతి దాకా ఒడియా మీడియమని, ఒడిశా ఇంజనీరింగ్ సీట్లిచ్చే ఓజేఈఈ కౌన్సెలింగ్‌లో, సంబల్‌పూర్ దగ్గరి బుర్లా ప్రభుత్వ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ వచ్చేలా ఉందని రాశావు. ఇంట్లోవాళ్లేమో అంత దూరం వద్దు, విశాఖపట్నంలో డబ్బు కట్టి ప్రైవేటు కాలేజీలో చేర్పిస్తాం అంటున్నారని, ఏం చేయమంటారని అడిగావు. నాదీ రాయగడే. నేనూ ఒడియా బడిలోనే చదువుకుని, బుర్లాలో అదే బ్రాంచి పూర్తి చేశాను. సీటు వస్తే బుర్లా వెళ్లు.

ముందు డబ్బు మాట. మనం తెలుగువాళ్లమే అయినా ఆంధ్రాలో కన్వీనర్ కోటా సీటు మనకి అందడం కష్టం. నేను చేరిన ఏడు అక్కడ 85 శాతం సీట్లు స్థానికులకి. మిగతా 15 శాతానికి పోటీ పడాలన్నా మనమో అమ్మానాన్నల్లో ఒకరో ఆ రాష్ట్రంలో పదేళ్లు ఉన్నట్టు కాగితం చూపించాలి. మా తాత కాలం నుంచి మేం రాయగడలోనే ఉన్నాం, ఆ కాగితం ఎక్కణ్ణుంచి తెస్తాం? ఇక మిగిలేది మేనేజ్‌మెంట్ సీటు. దానికి అమ్మ మెడలోది తాకట్టు పెట్టాల్సి వస్తుంది. ఇక్కడైతే జేఈఈ మెయిన్ ర్యాంకు, ఒడిశా రెసిడెంట్ సర్టిఫికెట్ ఉంటే చాలు. మనకి హక్కుగా వచ్చే సీటుని దూరమని వదులుకోకు.

బుర్లా కాలేజీ 1956లో మొదలైంది. ఒడిశాలో మొట్టమొదటి ఇంజనీరింగ్ కాలేజీ అదే. పక్కనే హీరాకుడ్ డ్యామ్. 2009లో వీర్ సురేంద్ర సాయి పేరుతో టెక్నాలజీ యూనివర్సిటీ అయింది. మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పు. ఊరు పేరు తెలియకే చాలామంది పెద్దవాళ్లు భయపడతారు.

ఇక నీ అసలు భయం, భాష. అక్కడ ఊళ్లో మాట్లాడేది సంబల్‌పురి. మనం బడిలో ఇంటిని ‘ఘొరొ’ అని నేర్చుకుంటే వాళ్లు ‘ఘర్’ అని ఊరుకుంటారు. ‘ఏమిటి’ అనడానికి మన ‘కొణొ’ అక్కడ ‘కాణా’ అవుతుంది. అది నెల రోజుల్లో చెవికి పట్టేస్తుంది, దానికి టెన్షన్ పడకు. కష్టమంతా క్లాసులో ఇంగ్లీషుతోనే. నేను మొదటి సెమిస్టర్ అంతా నోరు విప్పలేదు. తప్పు మాట్లాడితే ఏమనుకుంటారో అని డౌట్లు మింగేసి, నోట్సు బట్టీ పట్టాను. మ్యాథ్స్‌లో బ్యాక్ వచ్చింది. ఇంటికి చెప్పడానికి మూడు రోజులు పట్టింది. పెద్ద యూనివర్సిటీలో నువ్వు అడిగితే చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. అడక్కపోతే మాత్రం నీకు అర్థం కాలేదన్న సంగతి ఎవరికీ తెలియదు. నాకు జరిగింది అదే.

నన్ను నిలబెట్టింది మా అమ్మ. ఆవిడ ఐదో తరగతితో ఆపేసిన మనిషి.

రెండో ఏడు డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో, లింక్డ్ లిస్ట్‌లో నోడ్‌లన్నిటినీ (డేటాతో పాటు తర్వాతిదాని అడ్రస్ దాచుకునే ముక్కల్ని) ఒక్కొక్కటిగా తీసేసే ప్రోగ్రాం రాయమన్నారు. సి లాంగ్వేజ్‌లో రాశాను. ఒకసారి చక్కగా నడిచేది, ఇంకోసారి ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ (తనది కాని మెమరీని ముట్టుకుంటే వచ్చే ఎర్రర్) అని ఆగిపోయేది. ఒక్క అక్షరం మార్చకుండానే! రెండు రాత్రులు దానితోనే కూర్చున్నాను. మూడో రోజు సాయంత్రం అమ్మ ఫోన్ చేసి “ఏటిరా నాన్నా, గొంతు అలాగుంది?” అంది. ఏం చెప్పాలో తెలియక ఉన్నదే చెప్పాను.

“అమ్మా, మన వీధిలో ఒక్కో ఇంటివాళ్లకి వాళ్ల తర్వాతి ఇల్లు ఎక్కడుందో ఒక్కటే తెలుసనుకో. మొదటి ఇంటికి వెళ్లి అడిగితే రెండో ఇల్లు చూపిస్తారు, రెండో ఇంటివాళ్లు మూడోది చూపిస్తారు. ఆ ఇళ్లన్నీ వరసగా పడగొట్టాలి. నేను ఒక ఇల్లు పడగొట్టి, తర్వాతి ఇంటికి వెళ్దామంటే దారి తప్పుతోంది.”

అమ్మ ఆలోచించను కూడా లేదు. “ఇల్లు పడగొట్టేసేక పక్కిల్లేదని ఎవుర్ని అడుగుతావు? ముందు అడిగి, కాయితం మీద రాసుకుని, అప్పుడు పడగొట్టు.”

నేను చేసిన తప్పు సరిగ్గా అదే. నోడ్‌ని ఫ్రీ చేసేసి, అంటే దాని మెమరీని వదిలేసి, ఆ తర్వాత దానిలోంచే నెక్స్ట్ అడ్రస్ చదువుతున్నాను. ముందుగా ఆ అడ్రస్‌ని ఇంకో వేరియబుల్‌లో దాచుకుని, అప్పుడు ఫ్రీ చేశాను. ప్రోగ్రాం మళ్లీ ఆగలేదు. మరి అంతకుముందు అప్పుడప్పుడు ఎందుకు నడిచింది? ఫ్రీ చేసినంత మాత్రాన మెమరీలో ఉన్నది వెంటనే చెరిగిపోవాలని లేదు. కూల్చిన ఇంటి మొండిగోడ మీద పక్కింటి నంబరు ఇంకా కనబడుతున్నట్టు, ఆ చోటుని ఇంకొకరు వాడుకునేదాకా పాత అడ్రస్ అలాగే ఉండిపోవచ్చు. ఈ ముక్క కూడా తెలుగులో ఆలోచించుకున్నాకే నాకు తలకెక్కింది.

అప్పటినుంచి ఏ పాఠమైనా ముందు తెలుగులో అమ్మకి చెప్పినట్టు చెప్పుకునేవాణ్ణి. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో డెడ్‌లాక్ అంటే, నూతి దగ్గర ఒకరి చేతిలో బొక్కెన, ఇంకొకరి చేతిలో తాడు. నువ్వు ముందు ఇయ్యి అంటే నువ్వు ముందు ఇయ్యి అని ఇద్దరూ అక్కడే నిలబడిపోవడం. అలా కుదిరాక దాన్నే ఇంగ్లీషులో చేత్తో రాసేవాణ్ణి. పదాలు మాత్రం ఇంగ్లీషువే ఉంచుకో. పాయింటర్‌కి (అడ్రస్ దాచుకునే వేరియబుల్) తెలుగు మాట వెతుక్కుంటూ కూర్చోకు.

ప్రభుత్వ యూనివర్సిటీలో నాకు నచ్చింది ఈ మూల సబ్జెక్టులకి ఇచ్చే విలువే. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్, కంపైలర్. ఎంటెక్‌కి రాసే గేట్ పరీక్షలో అడిగేవీ ఇవే, ఇంటర్వ్యూల్లోనూ వీటినే తవ్వుతారు. క్లాసులో అందనిది ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలుగా ఉచితంగా దొరుకుతుంది. నెమ్మదిగా, ఆపి ఆపి చూడు. క్యాంపస్‌లో మొదట వచ్చిన రెండు కంపెనీలు నన్ను తీసుకోలేదు. మూడో కంపెనీ ఇంటర్వ్యూలో లింక్డ్ లిస్ట్ అడిగారు. వీధి బొమ్మ గీసి చెప్పాను, ఉద్యోగం వచ్చింది.

బుర్లా రాకపోతే భువనేశ్వర్‌లో ఒడిశా యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ అండ్ రీసెర్చ్ (ఓయూటీఆర్) చూడు. 1981లో పెట్టిన పాత కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్ అండ్ టెక్నాలజీ (సీఈటీ) అదే, 2021లో యూనివర్సిటీ అయింది. బరంపురంలో పర్లా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ కూడా ప్రభుత్వానిదే. ఆ ఊళ్లో తెలుగు మాట ఎక్కడైనా వినబడుతుంది కాబట్టి మీ అమ్మగారికి ధైర్యంగా ఉంటుంది.

ప్రయాణానికి భయపడక్కర్లేదు. మనవాళ్లు బొకారో అని పిలిచే అలెప్పీ-ధన్‌బాద్ బండి రాయగడలో ఎక్కితే టిట్లాగఢ్, బలంగీర్ మీదుగా సంబల్‌పూర్‌లో దించుతుంది. అక్కణ్ణుంచి బుర్లా 15 కిలోమీటర్లు. మొదటిసారి నాన్నగారిని వెంట తీసుకెళ్లు, క్యాంపస్, డ్యామ్ రెండూ చూపించు. రెసిడెంట్ సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే రేపే అప్లై చెయ్యి. కౌన్సెలింగ్ తేదీలు ఎవరి కోసమూ ఆగవు.